తాబేటి డిప్పకు తడి కావాలి

సంపాదకులకు,

నమస్కారం.

ఇళ్లలో తాబేళ్లను పెంచుకోవడం గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. దానితోపాటు వేసిన ఫొటోలో ఒక మెట్ట తాబేలు ఉంది. దాని డిప్పమీద ఒక్కో పలకా గుడి గోపురంలా పైకి లేచి, పలకకూ పలకకూ నడుమ వేలు పట్టేంత లోయ పడి ఉంది. ఫొటో కింద మాత్రం వయసు పెరిగేకొద్దీ తాబేటి డిప్ప ఇలా అందంగా తీరుతుందని రాశారు. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. ఆ గోపురాలకూ వయసుకూ సంబంధం లేదు. పసితనంలో ఆ ప్రాణిని పెంచిన తీరులో జరిగిన లోపం డిప్పమీద అలా అచ్చుపడింది, ఇక బతికినంతకాలం చెరగదు. పశువైద్యులు దీన్ని పిరమిడింగ్ అంటారు. మీ ఫొటో చూసి ముచ్చటపడి, తమ తాబేలుకు కూడా అలాంటి డిప్ప వస్తే బాగుండునని అనుకున్నవారు మా అపార్ట్‌మెంటులోనే ఇద్దరున్నారు.

నేను గ్రంథాలయ ఉద్యోగం చేసి రిటైరయ్యాను, పశువైద్యం నా వృత్తి కాదు. కానీ ఈ సంగతి మా ఇంట్లో, నా కళ్లముందు జరిగింది కాబట్టి చెప్పే చనువు తీసుకుంటున్నాను. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు 2019 వానాకాలంలో నగరంలోని ఒక దుకాణంలో రెండు సల్కాటా తాబేలు పిల్లలను కొన్నాడు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున బతికే జాతి ఇది. రెండూ ఒకే తల్లి ఒకే విడత పెట్టిన గుడ్లలోంచి పుట్టినవని దుకాణదారు చెప్పాడట. రెండూ అరచేతిలో నిమ్మకాయల్లా ఇమిడిపోయేవి. ఒకదాన్ని తన దగ్గర ఉంచుకుని, రెండోదాన్ని మా అత్తగారికి కాలక్షేపంగా ఉంటుందని మా ఇంట్లో వదిలాడు.

వాడిది మహా శ్రద్ధ. గాజు పెట్టె, దాని అడుగున పొడి చెక్కపొట్టు, పైన రాత్రింబవళ్లు వెలిగే ఎర్ర బల్బు, హాల్లో ఎప్పుడూ ఆడే ఏసీ. గరికను సన్నగా తరిగి, మీద కాల్షియం పొడి చల్లి, ఏ పూట ఎంత పెట్టిందీ ఫోనులో రాసుకునేవాడు. తార్నాకలోని మా ఇంట్లో అంత తతంగం లేదు. వరండాలో మందార కుండీల మధ్య దాన్ని వదిలేవాళ్లం. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మొక్కలకు చెంబుతో నీళ్లు పోయడం మా అత్తగారి నియమం. ఆ నీళ్లు కారి, కుండీల కింద పేరుకున్న మట్టి ఏ వేళప్పుడు చూసినా తడిగానే ఉండేది. తాబేలు పిల్ల పొద్దున కాసేపు ఎండలో తిరిగి, రాలిన మందార పువ్వొకటి నమిలి, చివరికి ఆ తడి మట్టిలోకే ముక్కు దాకా దూరి పడుకునేది. జలుబు చేస్తుందన్న భయంతో నేను దాన్ని పొడి అట్టపెట్టెలోకి మార్చడం, అది పెట్టెను గీకి గీకి బయటపడి మళ్లీ కుండీల కిందికే చేరడం, ఆ ఏడాదంతా ఇదే వరస. చలికాలం రాత్రులు మాత్రం ఇంట్లోకి తెచ్చి, వెచ్చగా ఉండేలా చూసేవాళ్లం.

మధ్యలో లాక్‌డౌన్ వచ్చి రాకపోకలు తగ్గాయి. 2021 సంక్రాంతికి వాడు తన తాబేలును వెంటబెట్టుకొచ్చాడు. హాల్లో పాత పేపరు పరిచి రెండింటినీ పక్కపక్కన పెట్టాం. మా అత్తగారు వాడి తాబేటి వీపును వేళ్లతో తడిమి, “ఇదేంట్రా, ప్రమిదలు బోర్లించినట్టుంది” అన్నారు. నిజంగా అలాగే ఉంది. వీపు మీది పదమూడు పెద్ద పలకలూ పదమూడు బోర్లించిన ప్రమిదలు. మాది నదిలో దొరికే గుండ్రాయిలా నున్నగా ఉంది. దగ్గర పెట్టుకుని చూస్తే ఇంకో తేడా కనిపించింది. మాదానికి పలకల అతుకుల్లో కొత్తగా పెరిగిన చోట గోరు మొదలంత లేతగా, తెల్లగా ఒక గీత ఉంది. వాడిదానికి ఆ చోట పొడిబారిన చీలిక లాంటి పల్లం తప్ప ఏమీ లేదు. వాడి ముఖం చూడలేకపోయాను. మా ఇద్దరిలో కష్టపడ్డది వాడే.

అంతకు ముందే వాడు దాన్ని ఒక వైద్యుడికి చూపించాడు. మాంసకృత్తులు ఎక్కువై ఉంటాయి, తగ్గించండి అన్నారట. గరిక తప్ప మరొకటి పెట్టని ఇంట్లో ఏం తగ్గించాలో వాడికి తోచలేదు. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చాలాకాలం పుస్తకాల్లోనూ ఇదే రాసేవారు. మాంసకృత్తులు ఎక్కువైతే తాబేలు తొందరగా పెరుగుతుందని, అలా పెరిగినది గోపురాలు కడుతుందని అందరూ నమ్మేవారు.

రెండు తాబేళ్లను చూసి శాస్త్రం తేల్చలేమని నాకూ తెలుసు. అందుకే ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. ఆస్ట్రియాలోని వియన్నాలో వీస్నర్, ఇబెన్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ సల్కాటా జాతి పిల్లలనే 50 తీసుకుని, గాలిలో తేమనూ మేతలో మాంసకృత్తుల మోతాదునూ మార్చి మార్చి పెంచి, ఫలితాలను 2003లో ప్రచురించారు. తేమ సుమారు 25 నుంచి 58 శాతం మధ్య ఉన్న పొడి వాతావరణంలో పెరిగిన పిల్లలకు ఎత్తయిన గోపురాలు వచ్చాయి. 45 నుంచి 99 శాతం దాకా తేమ ఉన్నచోట పెరిగినవాటికి డిప్ప చాలావరకు నున్నగా వచ్చింది. మాంసకృత్తుల ప్రభావం స్వల్పమని తేలింది. మా వరండాలో చెంబు నీళ్లు చేసిన పనికి వివరణ అక్కడ దొరికింది.

తేమకూ డిప్పకూ సంబంధమేమిటన్నది కొంచెం విడమరచాలి. తాబేటి డిప్ప నత్తగుల్లలాగా పైన తగిలించుకున్న ఇల్లు కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసి విస్తరించి ఏర్పడిన ఎముకల కప్పు అది. దానిమీద మన గోళ్లలో ఉండే కెరటిన్ పదార్థంతోనే తయారైన పలకలు పరుచుకుని ఉంటాయి. తాబేలు పెరిగినప్పుడు ప్రతి పలకకూ అంచు చుట్టూ కొత్త కెరటిన్ పుడుతుంది. అది మెత్తగా ఉండగానే పక్కలకు సాగితే డిప్ప వెడల్పుగా, సమంగా పెరుగుతుంది. పొడి గాలి తగిలి పుట్టగానే గట్టిపడిపోతే పక్కకు సాగే వీలుండదు, ఆ తర్వాత పుట్టే పొర దాని కిందికి చేరి పాతదాన్ని పైకి నెడుతుంది. అలా పొర మీద పొర చేరి, మధ్య పలక ఎత్తుగా, అంచులు లోతుగా గోపురం తయారవుతుంది. నిపుణులు ఎక్కువగా చెప్పే వివరణ ఇది. వేగంగా పెరిగే మొదటి రెండు మూడేళ్లలోనే ఈ నష్టంలో ఎక్కువ భాగం జరిగిపోతుంది కాబట్టి, పెద్దయ్యాక చూసుకుందాంలే అనుకుంటే అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఎడారి ప్రాణికి తేమ ఏమిటని మా మేనల్లుడు వాదించాడు. దుకాణంలో వాడికి అలాగే చెప్పారు, పొడిగా ఉంచండి అని. కానీ ఎడారిలో ఆ తాబేలు మిట్టమధ్యాహ్నం ఇసుక మీద నిలబడి ఉండదు. లోతైన బొరియలు తవ్వుకుని, పగటి ఎండను లోపలే గడుపుతుంది. బొరియలో గాలి బయటి గాలికన్నా చల్లన, తేమా ఎక్కువ. పిల్లలైతే బయటికి వచ్చేదే తక్కువ. మన అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నక్షత్ర తాబేలు కూడా చిట్టడవిలో, ముళ్లపొదల నేలల్లో బతికేదే అయినా, వానలు పడి పచ్చిక లేచినప్పుడు చురుగ్గా తిరిగి మేస్తుంది, ఎండలు ముదిరితే పొదల మొదళ్లలో దాక్కుంటుంది. మనం గాజు పెట్టెలో పెట్టినప్పుడు దానికి ఎడారిలోని ఎండను ఇచ్చాం, బొరియను ఇవ్వడం మరిచిపోయాం.

హైదరాబాదు గాలి ఈ విషయంలో ఏడాదంతా ఒకేలా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వరండాలో ఉన్న తాబేలుకు పెద్దగా ఏ ఏర్పాటూ అక్కర్లేదు. మార్చి, ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు మాత్రం ఉతికిన చీర గంటలో పెళుసుబారేంత పొడిగా ఉంటాయి. దానికి ఏసీ తోడైతే గదిలో ఉన్న కాస్త తేమ కూడా పోతుంది. పైన బల్బు పెడితే దాని కింద పిల్ల తాబేటి వీపు నేరుగా వేగుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు మూడు నాలుగు వందల రూపాయలకు దొరుకుతుంది. తాబేలుకు ముందు దాన్ని కొనమని అడిగినవారికల్లా చెబుతున్నాను.

ఏర్పాటు పెద్ద ఖర్చయ్యేదేమీ కాదు. నర్సరీల్లో ఇటుకల్లా అమ్మే కొబ్బరిపీచు పొడిని నానబెట్టి, మట్టితో కలిపి నాలుగు అంగుళాల మందాన పరిచి, అడుగు పొర ఎప్పుడూ చెమ్మగా ఉండేలా మూలల్లో నీళ్లు పోస్తే చాలు. ఒక పక్క ప్లాస్టిక్ డబ్బాకు ద్వారంలా కోసి బోర్లించి, లోపల మరింత తడిగా ఉంచితే పిల్ల అందులోనే నిద్రపోతుంది, అదే దాని బొరియ. రోజూ పదిహేను ఇరవై నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో, తల హాయిగా పైకి ఉండేంత లోతులో కూర్చోబెట్టాలి. నీళ్లు తాగుతుంది, అందులోనే విసర్జిస్తుంది, మీరు ఆ నీళ్లు మొక్కలకు పోసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. తడీ చలీ కలిస్తే న్యుమోనియా వస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన ఊళ్లో చలి బాగానే దిగుతుంది. అప్పుడు పెట్టె లోపల రాత్రిపూట కూడా 26 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి. అందుకు వెలుతురు ఇవ్వని హీటరు వాడాలి. రాత్రి వెలిగే ఎర్ర బల్బు దానికి నిద్ర లేకుండా చేస్తుంది, వీపునూ ఎండబెడుతుంది. డిప్పకు కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చేవారున్నారు. నూనె వల్ల దుమ్ము పట్టడం తప్ప ప్రయోజనం నేనెక్కడా చూడలేదు. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటే మెత్తని బ్రష్షుతో తుడవడం వరకే మన పని.

ఇంతా చెప్పి కాల్షియం అక్కర్లేదన్నానని ఎవరూ అనుకోవద్దు. గోపురాలు ఒక సమస్య, ఎముకలు మెత్తబడటం మరో సమస్య. రెండూ ఒకే తాబేలులో కనిపించవచ్చు కానీ కారణాలు వేరు, ప్రమాదంలో రెండోదే పెద్దది. పుట్టిన కొత్తలో డిప్ప కొద్దిగా వంగడం సహజమే. ఏడాది దాటినా నొక్కితే దిగిపోతున్నా, దవడ రబ్బరులా ఉన్నా, కాళ్లు పక్కకు పరుచుకుని పొట్ట ఈడ్చుకుంటూ నడుస్తున్నా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. మందుల దుకాణంలో విటమిన్ డి చుక్కలు కొని సొంతంగా పోయడం ప్రమాదకరం, మోతాదు మించితే అదే విషమవుతుంది.

ఆహారంలోని కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. అది చర్మంలో తయారవడానికి ఎండలోని యూవీబీ కిరణాలు, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యవి, నేరుగా తగలాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. అద్దం వెనక నుంచి పడే ఎండ తాబేలుకు వెచ్చదనం మాత్రమే ఇస్తుంది. బాల్కనీలో నీడకూ ఎండకూ మధ్య తిరిగే వీలుతో ఉదయం అరగంట ఉంటే యూవీబీ ఇచ్చే ఖరీదైన గొట్టపు లైట్లతో పని ఉండదు. ఎండ రాని ఫ్లాటులో లైటు తప్పదు. ఆ లైటు కంటికి వెలుగుతున్నట్టే కనిపిస్తూ ఆరేడు నెలలకో ఏడాదికో యూవీబీ ఇవ్వడం తగ్గించేస్తుంది, కాలం చూసుకుని మార్చాలి.

మేత సంగతి మీ వ్యాసంలోనూ ఉంది గానీ, పాలకూర, క్యాబేజీ, టమాటా, కీర అని రాశారు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి. కీరలో నీళ్లు తప్ప పెద్దగా ఏమీ లేదు. భాస్వరానికి కనీసం రెండింతల కాల్షియం ఉండేలా మేత కుదరాలి. సల్కాటాకు గడ్డే ప్రధానం. గరిక, ఎండుగడ్డి, మందార ఆకులు, పువ్వులు, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు మన చుట్టూ దొరికేవే. కాల్షియం కోసం పక్షుల దుకాణంలో అమ్మే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క ఒకటి పడేస్తే కావలసినప్పుడు అదే కొరుక్కుంటుంది. అన్నం, రొట్టె, పాలు ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు. ప్రేమగా పెట్టే పెరుగన్నం గురించి మా అత్తగారితో నేను పడిన యుద్ధం వేరే ఉత్తరానికి సరిపోతుంది.

ఇప్పటికే గోపురాలు లేచిన తాబేలుకు వాటిని దించే మందు లేదు. అరగదీయడం, రంగు వేయడం క్రూరత్వం. అయితే పద్ధతి మారిస్తే కొత్తగా పెరిగే భాగం నున్నగా వస్తుంది. మా మేనల్లుడు ఆ సంక్రాంతి తర్వాత ఏసీ గదిలోంచి పెట్టె తీసేసి, తడి మట్టి పరిచాడు. ఏడాది తిరిగేసరికి ప్రమిదల చుట్టూ చదునైన అంచు కనిపించింది. ఇప్పుడు దాని డిప్ప చూస్తే ఏ వయసులో ఏం జరిగిందో చెప్పేయవచ్చు.

మీ ఫొటో విషయంలో ఇంకో మాట చెప్పక తప్పదు. అందులో ఉన్నది నక్షత్ర తాబేలని నాకు అనిపించింది, పలకల మీది పసుపు చారలు అలాగే ఉన్నాయి. ఆ జాతికి అడవిలో పెరిగినా డిప్ప కొంత ఎగుడుదిగుడుగానే ఉంటుంది, దాన్ని చూసి జబ్బు అనుకోనక్కర్లేదు.  ఫొటోలో కనిపించిన లోయలు మాత్రం సహజమైన ఎగుడుదిగుడును ఎప్పుడో దాటిపోయాయి. పైగా దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూలులోకి వచ్చింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కూడా 2019లో దాన్ని అత్యంత కఠినమైన జాబితా అయిన మొదటి అనుబంధంలో చేర్చింది. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలోని ఒకే ఒక్క కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను అడవి నుంచి పట్టి తరలించారు. అదృష్టం వస్తుందని, వాస్తు కుదురుతుందని కొనే ఒక్కో పిల్ల వెనక ఆ లెక్క ఉంది. తెలియక ఉంచుకున్నవారు అటవీ శాఖకు అప్పగించే వీలు చట్టంలోనే ఉంది. భయపడి రాత్రికి రాత్రి ఏ చెరువులోనో వదిలితే అది మునిగి చస్తుంది, మెట్ట తాబేలుకు ఈత రాదు.

సల్కాటా విదేశీ జాతి కనుక దాని దారి వేరు. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ స్వచ్ఛందంగా వెల్లడించే అవకాశం ఇచ్చినప్పుడు మా వాడు రెండింటినీ నమోదు చేయించాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాలతో ఆ శాఖకు చెందిన పరివేష్ అనే వెబ్‌సైటులో నమోదు తప్పనిసరి అయింది. కొనేవారికి దుకాణంలో ఇదీ చెప్పరు, ఆ నిమ్మకాయంత పిల్ల నలభై యాభై కిలోల జంతువవుతుందనీ చెప్పరు. గాలపాగోస్, అల్డాబ్రా తాబేళ్ల తర్వాత మెట్ట తాబేళ్లలో పెద్దది ఇదే. ఇక ఆయుష్షు సంగతి: 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి నెహ్రూ జూపార్కుకు మార్చిన గాలపాగోస్ తాబేలు 2024 మార్చిలో చనిపోయేనాటికి దాని వయసు సుమారు 125 ఏళ్లని వార్తల్లో చదివాం. సల్కాటా అంతకాలం బతకకపోయినా, డెబ్బై ఏళ్లంటే కొన్నవారి మనవలు చూసుకోవాల్సిందే. మా రెండూ ఫ్లాటుల్లో పట్టక, ప్రస్తుతం చేవెళ్ల దగ్గర మా తమ్ముడి మామిడితోటలో ఉన్నాయి. అక్కడ ప్రహరీ కిందుగా బొరియలు తవ్వి, గోడ కూలుస్తాయేమోనని వాడికి నిద్ర లేకుండా చేస్తున్నాయి.

మీకు నా విన్నపం రెండే. ఆ ఫొటో కింది వ్యాఖ్యకు సవరణ వేయండి. అలాగే రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వారిని సంప్రదించి, తాబేలు పిల్లకు మొదటి రెండేళ్లు ఏం కావాలో ఒక పేజీలో తేలిక తెలుగులో రాయించి ప్రచురించండి. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాల ప్రకారం దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. ఆ నమోదు చూసే అధికారులు మీ పేజీనే ఒక్కో పిల్లతోపాటు కొనుగోలుదారు చేతిలో పెట్టాలని షరతు విధించడం పెద్ద పని కాదు. అందులో మొదటి వాక్యంగా ఏం ఉండాలని నన్నడిగితే, పొడి చెక్కపొట్టు వద్దు, తడి మట్టి పరవండి అని రాయమంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తార్నాక, హైదరాబాదు